తవిటమ్మ తొక్కిన ఏతం

మా అప్పని ఎవరైనా త్యాగమూర్తి అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనేవాళ్ళెవరూ ఆమె చేతి మొట్టికాయలు తిన్నవాళ్ళు కారు. నేను తిన్నాను. చదువుతూ కునికిపాట్లు పడితే ఒకటి, దీపానికి దగ్గరగా వంగి జుట్టు కాల్చుకుంటే ఒకటి, తోటలో పనికి నేనూ వస్తానంటే మటుకు రెండు. చెల్లెలి కోసం బతుకు ధారపోసిందని ఒకావిడ కళ్ళొత్తుకుంటూ చెబుతుంటే నా చెవులారా విన్నాను. ధారపోయడానికి మా అప్ప అంత మెత్తటి మనిషి కాదు. ఒక పని పట్టింది, పట్టింది వదల్లేదు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఆ మొండితనం ఆడపిల్లకి ఉంటే ఇక రాజు లెక్కేమిటి?

మాది బొబ్బిలికి నాలుగు మైళ్ళలో గెడ్డ ఒడ్డునున్న ఊరు, గెడ్డవలస. మా వైపు వాగుని గెడ్డ అంటాం, అక్కని అప్ప అంటాం. అప్ప పేరు తవిటమ్మ. ఆమెకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. అందుకని నాలుగో పిల్లని చేటలో తవుడు పోసి దానిమీద పడుకోబెట్టి, పొరుగింటావిడ చేతికిచ్చేసి, మళ్ళీ గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నారు. అలా కొనుక్కున్న పిల్లని మృత్యువు తన సొత్తనుకోదని నమ్మకం. తవుడుకొచ్చిన పిల్ల తవిటమ్మ. నాలుగేళ్ళకి నేను పుట్టాను. అప్పటికి అలాంటి బేరాల అవసరం తీరిపోయింది కాబట్టి నాకు బడి పంతులు గారు చెప్పిన పేరు పెట్టారు, పద్మకుమారి అని. ఊళ్ళో ఎవరికీ ఆ పేరు పూర్తిగా పలకడానికి ఓపిక ఉండేది కాదు.

మా అయ్య సూరయ్య నరసింగరావు గారి అరెకరం తోట కౌలుకి చేసేవాడు. ఉల్లి వేసేవాడు, కొంచెం మిరప. ఆ తోట మీదే మా నలుగురి తిండీ, నా బొబ్బిలి చదువూ. నీళ్ళు నూతిలోంచి ఏతంతో తోడుకోవాలి. ఆ నుయ్యి మాకూ, పక్క తోట చేసే లక్ష్ముడు మావకీ ఉమ్మడి. పొద్దుట పూట మాది, మధ్యాహ్నం నుంచి వాళ్ళది.

ఇప్పటి పిల్లలకి ఏతమంటే బొమ్మ గీసి చూపించాలి. నూతి ఒడ్డున రెండు దుంగలు నిలబెట్టి, వాటి మధ్య పొడుగాటి మాను ఊగేలా బిగిస్తారు. మాను ఒక కొస నూతి మీదికి ఉంటుంది. దానికి వెదురు గెడ, గెడ చివర ఇనప బాన. ఒక మనిషి ఆ మాను మీద నిలబడి ముందుకీ వెనక్కీ నడుస్తాడు. నూతి వైపు నడిస్తే బాన వెళ్ళి నీళ్ళలో మునుగుతుంది. వెనక్కి తోక వైపు నడిస్తే నీళ్ళతో పైకి వస్తుంది. ఒడ్డున ఇంకో మనిషి గెడ పట్టుకుని, పైకొచ్చిన బానని కాలవలోకి వంచుతుంది. తొక్కేది మగవాడు, వంచేది ఆడది. మా ఇంట్లో అయ్య తొక్కేవాడు, అమ్మ వంచేది.

అరవై ఏడు కార్తీకంలో అయ్య మూడు రోజుల జ్వరంతో పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడు నరసింగరావు గారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. చెడ్డమనిషి కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

"దానమ్మా, మగదిక్కు నేని ఇంట్లో ఏతం ఎవులు తొక్కుతారు? తోట లక్ష్ముడికి ఇచ్చేస్తాను. నువ్వూ పెద్దగుంటా నా కళ్ళంలోకి కూలికి రండి. సిన్నగుంట సదువు మానీసి ఇల్లు సూసుకుంటాది" అన్నారు మా అమ్మతో.

అమ్మ తలూపబోయింది. గుమ్మంలోంచి అప్ప అంది: "ఏతం నాను తొక్కుతాను బావూ."

ఆయన నవ్వారు. "ఆడది ఏతం ఎక్కడం ఎక్కడైనా సూసినావేటే?"

"నేదు బావూ. తొక్కినాక సూద్దాం."

ఆయన కాసేపు అప్పని కింది నుంచి పై దాకా చూశారు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, చువ్వలా ఉండేది. "ఉగాది దాకా సూస్తాను. ఈ లోగా మొక్క ఎండినాదో, తోట తీసీసుకుంటాను" అని లేచారు. ఉగాది మార్చి నెలాఖరున. నా ఎస్సెల్సీ పరీక్షలు మార్చి మొదట్లో. తోట నిలిస్తే నేను పరీక్ష రాస్తాను, పోతే కళ్ళంలో ఊడుస్తాను. లెక్క అంత తేలిక.

మొదటి రోజు అప్ప కొంగు బిగించి మాను ఎక్కింది. పక్కనున్న వెదురు దడి పట్టుకుని నూతి వైపు నడిచింది, బాన మునిగింది. వెనక్కి నడిచింది. బాన లేవలేదు. మా అయ్య భారీ మనిషి, ఆ బాన ఆయన బరువుకి తగ్గట్టు కట్టింది. అప్ప తోక చివరికంటా వెళ్ళి నిలబడింది, ఎగిరి దూకింది. బాన ఓ మూరెడు లేచి మళ్ళీ ధబ్బున కింద పడింది. పక్క గట్టు మీద లక్ష్ముడు మావ నవ్వలేక చచ్చాడు.

"ఒలే తవిటీ, నాలుగు కుంచాల బియ్యం తినేసి రాయే" అన్నాడు.

రెండో రోజు అప్ప తోక కొసకి రాళ్ళు కట్టింది. ఈసారి బాన లేచింది గానీ దిగనంది. నూతి వైపు ఎంత నడిచినా మాను ఒంగలేదు. దిగి వచ్చి గట్టు మీద చాలాసేపు కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. రాళ్ళు విప్పేసి, బాన ఊడదీసి నెత్తిన పెట్టుకుని బొబ్బిలి వెళ్ళిపోయింది. సాయంత్రానికి కమ్మరి దగ్గర మార్చుకుని, దాంట్లో సగం నీళ్ళు పట్టే బాన తెచ్చింది.

"అయ్య రెండొందలు తొక్కినకాడ నాను నాలుగొందలు తొక్కుతాను. అంతే కదేటి" అంది. నన్ను పదకొండో తరగతి దాకా చదివించారు గానీ ఇంట్లో లెక్కలు నిజంగా వచ్చింది మూడో తరగతితో మానేసిన దానికే.

మూడో రోజు నుంచి తెల్లారకముందే అమ్మా అప్పా తోటకి పోయేవారు. నేను బడికి పోయే తోవ ఆ గట్టు పక్కనుంచే. అమ్మ బాన వంచుతూ ఆయాసంతో లెక్క పెట్టడం దూరం నుంచే వినిపించేది. అప్ప పైన ఆకాశంలో అటూ ఇటూ నడుస్తుండేది. ఒక కాలు తడబడితే నూతిలో పడుతుంది. మొదటి పక్షం రోజులూ అరికాళ్ళు పగిలి నెత్తురు కారాయి. ఆముదం రాసి గుడ్డ చుట్టుకునేది. పక్షం గడిచాక గుడ్డ తీసేసి నడుమ్మీద చెయ్యేసుకుని నడవడం మొదలెట్టింది.

నిజం చెప్పాలంటే ఆమెకి అక్కడ బాగుండేది. పైనుంచి బొబ్బిలి కోట కనిపిస్తుందని నాతో గొప్పలు కొట్టేది. పచ్చి అబద్ధం, మధ్యలో కొబ్బరి తోట అడ్డం. అందుకే త్యాగం అంటే నాకు కోపం. ఊళ్ళో ఆడవాళ్ళందరూ కింద నడుస్తుంటే తాను ఒక్కతీ పైన నడుస్తున్నానని దానికి లోపల గర్వంగా ఉండేది, ఆ గర్వం మొహంలో కనిపించేది. కానీ నన్ను మటుకు ఆ మానుని ముట్టుకోనిచ్చేది కాదు. ఒక్కసారి ఎక్కి చూస్తానని బతిమాలితే, "కాళ్ళు ఇరగ్గొడతాను. బడికి ఎల్లు" అనేది.

పుష్యం గడిచింది. ఉల్లి ఏపుగా వచ్చింది. నరసింగరావు గారు ఓసారి గట్టు మీదుగా వెళ్తూ ఆగి చూసి, ఏమీ అనకుండా పోయారు. ఏమీ అనకపోవడమే మాకు పెద్ద మెచ్చుకోలు.

మాఘంలో నుయ్యి దిగిపోవడం మొదలైంది. రోజుకో జానెడు. నెలాఖరుకి బాన సగం కూడా మునగడం లేదు. లక్ష్ముడు మావ ఏటా మాఘంలో కొన్నాళ్ళు పొరుగూరిలో చెరకు గానుగ దగ్గర బెల్లం వండే పనికి పోతాడు. తిరిగొచ్చి చూసేసరికి అతని వంగ మొక్కలు తలలు వాల్చేశాయి. నూతిలోకి ఒకసారి తొంగి చూసి తిన్నగా రచ్చబండ దగ్గరికి పోయాడు.

"ఆడది మాను మీద కాలెట్టినాది, గంగమ్మ లోనికి ఎలిపోనాది" అన్నాడు.

అంతే. ఆ మాట ఒక్క పూటలో ఊరంతా తిరిగింది. ఆ ఏడు వానలు తక్కువని అందరికీ తెలుసు, అయినా ఎవరికీ అది గుర్తు రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాళ్ళకి ఎండిన ప్రతి మడికీ మా అప్ప కాలే కారణమైంది. గెడ్డలో చెలమ దగ్గరికి మేం వెళ్తే బిందెలు పక్కకి జరిపేవారు. అమ్మ గంగమ్మకి కోడిని మొక్కుకుంది. ఆ వారం అప్ప కూడా భయపడింది. పైకి అనలేదు గానీ, ఎప్పుడూ కంచం నాకేంత శుభ్రంగా తినే మనిషి అంబలి సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. 

శుక్రవారం నాడు నరసింగరావు గారు కబురు పెట్టారు. తవిటమ్మ ఇక మాను ఎక్కకూడదు. సోమవారం తాను వచ్చి తోట లక్ష్ముడికి అప్పగిస్తారు. ఆ సోమవారమే నా మొదటి పరీక్ష.

శనివారం పొద్దున్న అప్ప తోటకి వెళ్ళింది, తొక్కడానికి కాదు. నూతి మెట్ల రాళ్ళ మీదుగా దిగి, కిందేముందో చూసింది. ఇంటికి వచ్చేసరికి మోకాళ్ళ దాకా నల్లటి బురద. పొయ్యి దగ్గరున్న అమ్మ ఆ బురద చూసి అలవాటుగా విసుక్కుంది.

"అచ్చం మీ అయ్యలాగే తయారైనావు. మాగం వస్తే సాలు, ఒంటినిండా నల్ల బురద ఏసుకొని వచ్చీవోడు."

"ఏటీ?" అంది అప్ప.

"ఏటేటా రెండ్రోజులు పని మానీసి గెడ్డలో సేపలకి పోయీవోడు కదే. తెచ్చినవి రెండు మట్టగిడసలు, ఉతకడానికి గంపెడు బురద. నాను తిట్టీదాన్ని."

అప్ప కాళ్ళు కడుక్కోకుండా అలాగే నిలబడింది. "అమ్మా, మన గెడ్డలో ఉన్నది ఇసక. నల్ల బురద ఎక్కడుంటాది? మాగంలో గెడ్డకి నీళ్ళే ఉండవు, సేపలెక్కడుంటాయి?"

అమ్మ గరిటె కింద పెట్టేసింది. మట్టగిడస బురదలో బతికే చేప. నూతి అడుగున ఉంటుంది. మా అయ్య ఏటా మాఘంలో, లక్ష్ముడు మావ ఊళ్ళో లేనప్పుడు రెండు రోజులు చూసుకుని, ఒక్కడే నూతిలోకి దిగి, తట్టలతో పూడిక మోసి, ఊట కళ్ళు తెరిచేవాడు. ఆ పని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు. ఈ ఏడు ఆయన లేడు. నూతిలో పూడిక ఉండిపోయి ఊట మూసుకుపోయింది. ఊరంతా కూర్చుని మా అప్ప అరికాళ్ళ గురించి మాట్లాడింది.

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "తిట్టినాను కదే, ఏటేటా తిట్టినాను" అని గోడ వైపు తిరిగి పడుకుంది. నాకైతే అయ్య మీద కూడా కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది?

ఆదివారం పొద్దున్నే అప్ప పారా, గునపం తీసింది. నేనూ కొంగు బిగించాను.

"రేపు నీకేటి?" అంది.

"తెలుగు పరీక్ష."

"అయితే పుస్తకం తియ్యి."

"ఒక్కరోజులో అంత బురద ఎలా మోస్తావే? నువ్వు కింద బానలో ఎత్తు, నేను మాను మీద తొక్కి పైకి లాగుతాను. అమ్మ వంచుతుంది."

అప్ప నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "నువ్వు ఏతం ఎక్కితే, నాను ఇన్నాళ్ళు తొక్కింది దేనికే?" అంది మెల్లగా. బిగించిన కొంగు వదిలేశాను.

తర్వాత తిన్నగా లక్ష్ముడు మావ ఇంటికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. అంతా చెప్పి, "మావా, నువ్వొచ్చి తొక్కు. బురద నాను ఎత్తుతాను" అంది. గంగమ్మకి శాంతి చెయ్యకుండా ఆ మాను తాను ముట్టనన్నాడు మావ. ఆదివారం నూతిలో దిగడం అసలే మంచిది కాదన్నాడు. ఇంకా ఏవో శకునాలు చెప్పబోయాడు.

ఆయన పెళ్ళాం దాలమ్మత్త గుమ్మంలో కూర్చుని అడ్డపొగ తాగుతోంది. నిప్పు ఉన్న కొస నోట్లోకి పెట్టుకుని తాగే చుట్ట అది, అది నోట్లో ఉండగా ఆవిడ మాట్లాడదు. చుట్ట బయటికి తీసిందంటే ఇంట్లో అందరూ సర్దుకుని కూర్చుంటారు. ఆ రోజు తీసింది.

"నా వంగ మొక్కలు సచ్చిపోతన్నాయి. నువ్విక్కడ కూకొని శకునాలు సెప్పుకో. పదవే తవిటీ."

"నువ్వు మాను ఎక్కుతావేటత్తా?" అంది అప్ప.

"ఎక్కితే ఏటి? ఒకర్తి ఎక్కినందుకే ఎండిపోనాదట. ఇద్దరం ఎక్కితే ఇంకేటి ఎండుతాదో సూద్దాం."

పుస్తకం పట్టుకుని నేను గట్టు మీద కూర్చున్నాను. ఇంటికి పొమ్మని అప్ప రెండుసార్లు అరిచి, మూడోసారి ఊరుకుంది. ఆ రోజు ఒక్క పద్యం కూడా నా బుర్రకెక్కలేదు. అప్ప మెట్లు దిగి నడుములోతు బురద నీళ్ళలోకి పోయింది. దాలమ్మత్త చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని మాను ఎక్కింది. ఆవిడ మా అప్పకి మూడింతలు. తోక వైపు నాలుగడుగులు వేసేసరికి వాళ్ళింటి నుంచి తెచ్చి గెడకి తగిలించిన పెద్ద బాన బురదతో గాల్లోకి లేచి, గెడ పట్టుకున్న అమ్మ తూలింది. మూణ్ణెల్లు అప్ప చిన్న బానతో పడ్డ పాట్లు తలుచుకుంటే నాకు నవ్వూ వచ్చింది, ఉక్రోషమూ వచ్చింది.

మధ్యాహ్నానికి లక్ష్ముడు మావ వంగ మొక్కలు చూసుకునే వంకతో వచ్చాడు. పెళ్ళాం అంత ఎత్తున నడవడం చూసి అతని మొహం పాలిపోయింది.

"దిగవే, పడిపోతావు" అన్నాడు. ఆవిడ నోట్లో చుట్ట తియ్యలేదు. ఇంకో నాలుగు బానలు చూశాడు. అమ్మకి ఆయాసం ఎక్కువై గెడ జారుతోంది. "ఇలా తే సెల్లీ" అని గెడ అందుకున్నాడు. మా ఊళ్ళో ఆడది తొక్కి మగవాడు బాన వంచడం అదే మొదలు. గట్టు మీద జనం చేరారు.

పొద్దు వాలేవేళకి గట్టు పక్కన నల్లటి బురద నా ఎత్తు పోగయింది. లోపల గునపం రాతికి తగిలిన చప్పుడు కాసేపు వినిపించి, ఆగిపోయింది. నేను పుస్తకం అక్కడే పడేసి నూతి అంచుకి పరిగెత్తాను. అప్ప కింద కదలకుండా నిలబడి ఉంది.

"అప్పా, ఏటైనాది?" అన్నాను.

"కాళ్ళు సల్లబడుతున్నాయి" అంది. ఊట కన్ను తెరుచుకుంది. ఆమె మెట్లెక్కి పైకి వచ్చేలోపు నీళ్ళు ఒక రాయి పైకి వచ్చాయి. మర్నాడు పొద్దున్న నేను పరీక్షకి పోతూ తొంగి చూస్తే కింది నుంచి ఆరో మెట్టు కనిపించలేదు.

తెలుగు పరీక్ష బాగానే రాశాను. రాసి తిన్నగా తోటకే వచ్చాను. నరసింగరావు గారు గట్టు మీద గొడుగు ఆనించుకుని నిలబడి ఉన్నారు. లక్ష్ముడు మావ తల గోక్కుంటూ ఆయనకి అప్పటికే అంతా చెప్పేసినట్టున్నాడు. ఆ పూట వంతులో కొంత మావ మాకు వదిలాడు. అమ్మ గెడ దగ్గరుంది, అప్ప దిగి ఉల్లి మడికి నీళ్ళు మళ్ళిస్తోంది.

"సూరయ్య నాకు ఎప్పుడూ సెప్పనేదే" అన్నారు ఆయన.

"మీరెప్పుడూ అడగనేదు బావూ" అంది అప్ప. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. ఆయన బురద పోగు దాకా నడిచి, గొడుగు కొసతో దాన్ని గుచ్చి చూశారు. నా జన్మలో ఆయన తల వంచుకుని నిలబడటం ఆ ఒక్కసారే చూశాను.

"తోట మీకే ఉంటాది. ఈ పాలి నోటిమాట కాదు, కాగితం రాయిస్తాను" అన్నారు చివరికి. "అప్పసెల్లెళ్ళు ఇద్దరి పేరా రాయిస్తాను. రేపు నువ్వు పెళ్ళయి ఎలిపోయినా సిన్నదానికి ఆధారం ఉంటాది."

ఆయన మంచితనంతోనే అన్నారు. నా మొహం వెలిగి ఉంటుంది. కాగితం మీద నా పేరు, మా అయ్య చెమటోడ్చిన తోట.

అప్ప పార పక్కన పెట్టి నిలబడింది. "నా ఒక్కదాని పేరే రాయండి బావూ."

"అదేటే? సిన్నదానికి అక్కర్నేదా?"

"దాని పేరు బడిలో రాసినారు. అక్కడే ఉండనీండి. ఇక్కడ రాయకండి."

చెంప మీద కొట్టినట్టయింది నాకు. అయ్య తోటలో నాకు పాలు లేదని, నా ఎదురుగానే, నలుగురి ముందూ ఒక్క మాటతో తేల్చేసింది. చేతివేళ్ళకి అంటిన సిరా వైపు చూసుకుంటూ నిలబడ్డాను. అప్ప నా వైపు చూడకుండానే మాను ఎక్కుతూ అడిగింది.

"రేపేటి పరీక్ష?"

"లెక్కలు."

"మరి ఇక్కడేటి సేస్తన్నావు?"

గట్టు దిగి ఇంటి తోవ పట్టాను. సగం దూరం మా అప్పంత స్వార్థపరురాలు లేదని మనసులో తిట్టుకుంటూ నడిచాను. గెడ్డ దాకా వచ్చాక, వెనక మాను కిర్రుమన్న చప్పుడు వినిపించి ఆగాను. ఆ కాగితం మీద నా పేరుంటే, ఏదో ఒక ఏడాది, ఏదో ఒక కష్టంలో, రమ్మని ఆ తోట నన్ను పిలుస్తుంది. ఆ పిలుపు నాదాకా రాకూడదని అప్ప అనుకుంది. అది అప్పుడు అర్థమైంది నాకు. ఆ ఇసకలోనే కూలబడి చాలాసేపు ఏడ్చాను. తర్వాత చెలమ నీళ్ళతో మొహం కడుక్కుని ఇంటికి వెళ్ళి లెక్కల పుస్తకం తీశాను.